పరీక్ష రోగికా, పద్ధతికా?

కొద్ది నెలల క్రితం ఒక ఆసుపత్రికి వెళ్లాను. వైద్యుడిగా కాదు, బంధువుకు తోడుగా. నిరీక్షణశాలలో నా పక్క బల్లపై డెబ్బయ్యేళ్లు పైబడిన ఒక పల్లెటూరి అమ్మ కూర్చుని ఉన్నది. చాలాకాలంగా మధుమేహానికి ఇన్సులిన్ వాడుతున్నదట. ఆ ఆసుపత్రివారు త్వరలో ఒక యాప్ ప్రవేశపెట్టబోతున్నారు. దానికి రోగులు ఏ మేరకు సంసిద్ధులై ఉన్నారో తెలుసుకొనడానికి ఒక యువతి ట్యాబ్ పట్టుకొని ఒక్కొక్కరినే ప్రశ్నిస్తున్నది.

“అమ్మా, ఆరోగ్య సమాచారం ఇంటర్నెట్‌లో ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసా?”

“మా మనవడికి తెలుసమ్మా.”

“మీకు తెలుసా అని అడుగుతున్నానండీ.”

“నాకేం తెలుస్తుంది తల్లీ, చదువు రానిదాన్ని.”

ఆ యువతి ‘అసలు తెలియదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. తక్కిన ప్రశ్నలకూ దాదాపు అదే గడి. రెండు నిమిషాలలో పరీక్ష పూర్తయింది. ఆ అమ్మ తప్పింది.

పాత అలవాటు కొద్దీ నేను మాట కలిపాను. ఆమె సంచిలో నుంచి గోడ క్యాలెండర్ చింపిన కాగితం ఒకటి తీసింది. వెనుకవైపు మనవడి దస్తూరిలో తేదీలు, చక్కెర అంకెలు, ఉదయం 20 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు అన్న లెక్క వరుసగా ఉన్నవి. ప్రతి ఆదివారం గ్లూకోమీటర్ తెరను ఆ పిల్లవాడు ఫోటో తీసి, వాట్సాప్‌లో వైద్యుడికి పంపుతాడట. మోతాదు మార్చవలసి వస్తే ఆయన ఫోన్ చేసి చెబుతాడట. “మాట వినపడుతుంది గదా బాబూ, చాలు” అన్నది ఆమె. అంటే యాప్ రాకముందే ఆమె డిజిటల్ వైద్యం పొందుతున్నది, అదీ క్రమం తప్పకుండా. కాని ఆసుపత్రి లెక్కలలో ఆమె ‘సంసిద్ధత లేని రోగి’.

ఆ యువతిని తప్పుపట్టను. ఆమె చేతికిచ్చిన కొలబద్దతో కొలిచింది. నా అభ్యంతరం ఆ కొలబద్ద మీద, దానిని రోగి మీదికే తిప్పిన బుద్ధి మీద. రోగి సంసిద్ధతను కొలవడమన్న పేరుతో మనం వ్యవస్థ అసమర్థతను రోగి ఖాతాలో వేస్తున్నామని నా వాదం.

ఈ కొలబద్దలు కొత్తవి కావు. కెనడాకు చెందిన నార్మన్, స్కిన్నర్ అనే పరిశోధకులు 2006లో ‘ఈహీల్స్’ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో 8 వాక్యాలు. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. కనిష్ఠం 8, గరిష్ఠం 40. తరువాత ఎన్నో దేశాలలో, ఎన్నో భాషలలో దానిని వాడారు. 2019లో డెన్మార్క్ పరిశోధకులు ‘రెడీ’ పేరిట మరింత విస్తృతమైన సాధనాన్ని రూపొందించారు. ఇవి పరిశోధనకు పనికివచ్చే పనిముట్లే. చిక్కల్లా వాటిని ఆసుపత్రి గుమ్మంలో జల్లెడగా వాడినప్పుడు వస్తుంది.

మొదటి అభ్యంతరం: ఈహీల్స్ వంటివి రోగి చేయగలిగినదానిని కొలవవు, చేయగలనని అతడు అనుకొనేదానిని కొలుస్తాయి. ఈ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో వైద్యులకు చెప్పనక్కరలేదు. నా వద్దకు ఏళ్ల తరబడి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి ఉండేవారు. ఖరీదైన ఫోను, చేతికి అడుగులు లెక్కించే గడియారం. ఆయనకు ఈ ప్రశ్నావళి ఇస్తే 40కి 40 వచ్చి ఉండేవి. రక్తపోటు మాత్రలు మూత్రపిండాలను పాడుచేస్తాయని చెప్పే వీడియో ఒకటి చూసి, ఎవరినీ అడగకుండా మానివేశారు. నిజానికి మూత్రపిండాలను పాడుచేసేది అదుపు తప్పిన రక్తపోటు. కొన్ని వారాల తరువాత ఆయనను మూతి వంకరపోయి, కుడి చేయి పడిపోయిన స్థితిలో తీసుకువచ్చారు. పూర్తి మార్కులు ఆయనను కాపాడలేదు. తనకు తెలుసన్న ధీమాయే ఆయనకు కీడు చేసింది. ప్రశ్నావళిలో వచ్చే మార్కులకూ, కంప్యూటర్ ముందు కూర్చోబెడితే చేయగలిగిన పనికీ సంబంధం బలహీనమేనని నెదర్లాండ్స్‌లో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనం కూడా తేల్చింది.

దీనికి మన మర్యాద తోడవుతుంది. తెల్లకోటు వేసుకొన్నవారు “అర్థమైందా?” అని అడిగితే మనవారు “అయిందండీ” అంటారు. అర్థం కాలేదని చెప్పడం వైద్యుడిని అవమానించడమని భావిస్తారు. ‘పూర్తిగా అంగీకరిస్తాను, కొంత అంగీకరిస్తాను’ అన్న అయిదు మెట్ల నిచ్చెన మీద ఈ మర్యాదను ఎక్కడ నిలబెడతారు? పైగా ఆ వాక్యాల అనువాదం! ‘ఎలక్ట్రానిక్ ఆరోగ్య వనరులను మూల్యాంకనం చేయు నైపుణ్యము’ అని చదివి వినిపిస్తే, రోగి సంగతి అటుంచండి, నాకే ఒక క్షణం పడుతుంది.

రెండవ అభ్యంతరం ఇంకా మౌలికమైనది. ఈ ప్రశ్నలన్నీ ఒంటరి మనిషిని ఊహించుకొంటాయి: అతని ఫోను, అతని కళ్లు, అతని వేళ్లు, అతని చదువు. మన ఇళ్లలో ఫోను కుటుంబానిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో సుమారు 26 శాతం. డెబ్బయ్యేళ్ల అమ్మలు ఆ లెక్కలోకి రానే రారు. ఆసుపత్రి రికార్డులో తల్లి పేరు ఎదుట ఉండేది చాలాసార్లు కొడుకు నంబరు. తల్లి కౌంటర్ వద్ద నిలబడి ఉంటుంది, ఓటీపీ వేరే ఊరిలో ఉద్యోగంలో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. అతడు సమావేశంలో ఉంటే ఆమెకు ఆ పూట టోకెన్ లేదు.

ఇది కేవలం అసౌకర్యమైతే ఇంత రాయను. పెళ్లికాని యువతి గర్భ పరీక్ష ఫలితం ఆమె తండ్రి ఫోనుకు చేరితే? భార్య మానసిక వైద్యుని కలిసిన సంగతి భర్త ఫోను మీద మెరిస్తే? హెచ్‌ఐవీ విషయంలో రోగి అనుమతి లేకుండా ఫలితం వెల్లడించరాదని 2017 నాటి చట్టం చెబుతున్నది. కాని యాప్ సందేశానికి ఆ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉన్నదో తెలియదు. ‘మీకు యాప్ వాడడం వచ్చా?’ అని అడిగేవారు ‘ఈ ఫోను ఎవరిదమ్మా?’ అని అడగరు. నా దృష్టిలో మొదట అడగవలసినది అదే.

మూడవది వైద్య నీతికి సంబంధించినది. జబ్బు లక్షణాలు లేనివారిని పరీక్షించి ముందుగా గుర్తించాలంటే ఏ షరతులు ఉండాలో చెప్పే విల్సన్, యుంగ్నర్ సూత్రాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో ప్రచురించింది. వైద్య విద్యార్థులందరూ చదివేవే. వాటిలో ముఖ్యమైనది: గుర్తించిన జబ్బుకు చికిత్స ఉండాలి, ఆ చికిత్స అందించే ఏర్పాటూ ఉండాలి. చికిత్స చూపలేనప్పుడు జబ్బు పేరు చెప్పి పంపడం సేవ కాదు. సంసిద్ధత పరీక్షకూ ఇదే న్యాయం వర్తించాలి. ఆ అమ్మకు తక్కువ మార్కులు వచ్చినందున ఆసుపత్రి ఏమి చేయబోతున్నది? సహాయకుని నియమిస్తుందా? తెలుగులో ఫోన్ చేస్తుందా? కాగితం మీద రిపోర్టు ఇస్తుందా? ఏదీ కాకపోతే ఆ మార్కు ఒక ముద్ర మాత్రమే. రేపు ఆమె చక్కెర పెరిగితే ‘రోగి సహకరించలేదు’ అని కేసు షీట్‌లో రాసుకొనడానికి పనికివచ్చే ముద్ర.

రక్తపోటు కొలిచే పట్టీ చేతికి తగినది కాకపోతే అంకె తప్పు వస్తుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని రక్తపోటు ఉన్నట్లు చూపుతుంది. అప్పుడు మంచి వైద్యుడు పట్టీ మారుస్తాడు, చేతిని నిందించడు. డిజిటల్ వైద్యంలో మాత్రం మనం చేతినే నిందిస్తున్నాము. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లున్నది.

వ్యవస్థ సంసిద్ధంగా లేకపోతే ఏమవుతుందో 2021లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మే నెలలో 18–44 ఏళ్లవారికి కోవిడ్ టీకా తెరిచినప్పుడు కోవిన్‌లో ముందుగా నమోదు తప్పనిసరి చేశారు. వేళ్లు చురుకైనవారు క్షణాలలో స్లాట్లు పట్టుకొన్నారు. ఫోను లేని కూలీలు చూస్తూ ఉండిపోయారు. ఆ నెలాఖరున సుప్రీంకోర్టు ఈ డిజిటల్ అంతరాన్ని ఎత్తిచూపింది. జూన్ నాటికి నేరుగా కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకొనే వీలు కలిగింది. ఆ కొద్ది వారాలలో జనం హఠాత్తుగా ‘సంసిద్ధులు’ కాలేదు. మారినది నిబంధన.

దీనికి ఎదురు ఉదాహరణ మన ఇంటనే ఉన్నది. ఈ–సంజీవని ద్వారా దూరవైద్యం అత్యధికంగా జరిగిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయిదుగురు స్త్రీలలో ఒకరే ఇంటర్నెట్ ఎరిగిన రాష్ట్రంలో ఇదెట్లా సాధ్యమైనది? ఆ సేవలో ఒక మార్గమున్నది: రోగి తన ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడి ఆరోగ్య సిబ్బంది రక్తపోటు చూసి, వివరాలు ఎక్కించి, తెర మీద వైద్యుడిని పిలిచి మాట్లాడిస్తారు. రోగి చేయవలసినదల్లా తన బాధ చెప్పుకొనడమే. అది ఎవరికైనా వచ్చు. నడుమ మనిషిని నిలబెట్టిన చోట రోగి మార్కులతో పనిలేకపోయింది.

‘కొలవకపోతే ఎవరికి సాయం కావాలో ఎట్లా తెలుస్తుంది డాక్టరుగారూ?’ అని యువ వైద్యులు కొందరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. కొలవవద్దని నేననడం లేదు. ఆ డెన్మార్క్ సాధనంలోనే ఇంటివారి తోడు, వైద్య సిబ్బంది అండ ఎంత ఉన్నదో కూడా అడుగుతారు. అంటే సంసిద్ధత మనిషి ఒక్కడి గుణం కాదని దానిని తయారుచేసినవారికే తెలుసు. మనం అందులో నుంచి మనకు అనువైన ముక్క, అంటే రోగి మీద భారం వేసే ముక్క, ఏరుకొంటున్నాము. కొలత వలన బాధ్యత కొలిచినవారి మీద పడాలి. అప్పుడే అది వైద్యం.

కనుక ఆసుపత్రుల యాజమాన్యాలకు నా సూచన ఇది. ముందు యాప్‌ను పరీక్షించండి. ఆ రోజు ఓపీకి వచ్చినవారిలో పదిమందిని తీసుకోండి: శుక్లాలున్నవారు, మధుమేహం వలన వేళ్ల స్పర్శ తగ్గినవారు, చేయి వణికేవారు, చెవి మందగించినవారు, చదువు రానివారు. ఫోను చేతికిచ్చి, మాట్లాడకుండా చూడండి. ఎంతమంది తమ రిపోర్టు తెరవలేకపోతే అన్ని మార్కులు యాప్‌కు తగ్గించండి. ఆ తరువాత రోగిని అడగవలసినవి నాలుగే: ఈ ఫోను ఎవరిది? మీ ఫలితాలు దీనికి పంపవచ్చునా? మీకు చదివి చెప్పేవారు ఎవరు? కాగితం కావాలా, ఫోన్ చేసి చెప్పమంటారా? ప్రతి జవాబుకూ ఆసుపత్రి చేయవలసిన పని ఒకటి పక్కనే రాసి ఉండాలి. కాగితపు దారి ఎన్నడూ మూయరాదు. ఆభా సంఖ్య స్వచ్ఛందమని ప్రభుత్వమే చెబుతున్నది; అది లేదని ఏ కౌంటరూ రోగిని వెనక్కు పంపరాదు.

పాఠకులకు ఒక మాట. మీ అమ్మగారి ఆసుపత్రి రికార్డులో ఎవరి నంబరున్నదో ఈ వారం కనుక్కోండి. అది మీదైతే, ఆమె ఆసుపత్రికి వెళ్లే రోజున ఫోను ఎత్తండి. ఆమె ఫలితం మొదట ఆమెకే చెప్పండి. సంసిద్ధత ప్రశ్నావళితో ఎవరైనా వస్తే మర్యాదగా జవాబులిచ్చి, చివర ఒక ప్రశ్న మీరూ అడగండి: “మాకు తక్కువ మార్కులు వస్తే మీరేమి చేస్తారు?” జవాబు రాకపోతే, ఎవరు సంసిద్ధంగా లేరో అక్కడే తెలిసిపోతుంది.

ఆనాడు పేరు పిలిచేసరికి ఆ అమ్మ క్యాలెండర్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకొన్నది. యాప్ వచ్చిన తరువాత మనవడు పంపే ఫోటోలు చూసేవారు ఉంటారో లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రశ్నావళిలో ఆ ప్రశ్న లేదు.