ఉమ్మడి చెరువునకు పూచీదారు

అనంతపురము జిల్లాలోని ఉరవకొండ ప్రాంతము వానలు కొఱవడిన మెట్టసీమ. ఇట్టి సీమలో చెరువు నిండినదనగా ఊరు బ్రదికినదని యర్థము. చెరువు అందఱిదియే, కాని అందఱిదను పేరున ఎవ్వరును పూడిక తీయనిచో, ఏండ్లు గడచుకొలది అది మెరకయై పోవును. ఈ సంగతి నెఱిగిన పూర్వులు రాయలసీమలో దశబంధమను నేర్పాటు చేసిరి. చెరువును కట్టించినవానికి, లేదా బాగుచేయ పూనుకొన్నవానికి, కొంత భూమి ఇనాముగా లభించెడిది. ఆ చెరువును కాపాడు పూచీ అతనిదై యుండెడిది.

నేటి కాలమున చెరువువంటి ఉమ్మడి సొత్తు మఱియొకటి వెలసినది. కంప్యూటరును నడపు ఆదేశముల సముదాయమునకు సాఫ్ట్‌వేర్ అని పేరు. ఆ ఆదేశములను దాచక, ఎవరైనను చదువుటకును, దిద్దుటకును, పంచుకొనుటకును అనుమతించినచో అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అగును. విద్యను దాచక పంచుట ఈ సీమకు క్రొత్త కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు వలయు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను శిలపై చెక్కి అందఱకు తెలిపినది. సిలికానాంధ్ర సంస్థ గిడుగు, గురజాడ, తిమ్మన మున్నగు తెలుగు ఫాంట్లను ఎల్లరును వాడుకొనునట్లు విడుదల చేసినది. ప్రభుత్వ కార్యాలయములలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్య మీయవలెనని భారత ప్రభుత్వము 2015లో విధానమును ప్రకటించినది.

అయితే వాడుకొనుట వేఱు, కాపాడుట వేఱు. ఇంటర్నెట్టులో సమాచారమును రహస్యముగా పంపుటకు తోడ్పడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్ట్‌వేరులో, రెండేండ్లు ఎవరి కంటను పడని హార్ట్‌బ్లీడ్ అను దోషము 2014లో బయల్పడెను. లోకమెల్ల వాడుచుండిన ఆ సాధనమును కనిపెట్టుకొని యుండినవారు కొలదిమంది. పూర్తికాలము దానికే వెచ్చించువాడు ఒక్కడే! నీరు త్రాగువారు లక్షలు, తట్ట మోయువాడు ఒక్కడు.

కావున ప్రభుత్వ సంస్థలు మూడు పనులు చేయవలెను. మొదటిది, ప్రతి పెద్ద సంస్థయు ఈ కార్యమునకు పూచీపడు విభాగము నొకదానిని ఏర్పఱచుకొనవలెను. ఐరోపా కమిషన్ 2020లో ఇట్టి కార్యాలయమును నెలకొల్పినది. రెండవది, ఉద్యోగి ఈ పనికి వెచ్చించు గంటలను విధి నిర్వహణముగానే లెక్కింపవలెను. మూడవది, తాము చేసిన దిద్దుబాటును తమ యొద్దనే యుంచుకొనక, మూల సాఫ్ట్‌వేరునకు చేర్పవలెను. అట్లు చేయనిచో మూలము మాఱినప్పుడెల్ల అదే దిద్దుబాటును మరల మరల చేయవలసివచ్చును. తెలిసిన ఉద్యోగి బదిలీపై వెడలినచో ఆ పని యంతయు మూలబడును.

కఱవుసీమలోని బీద కార్యాలయమునకు ఈ భార మెందుకని కొంద ఱందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఒక్క కార్యాలయమే అంతయు మోయనక్కఱలేదు. శక్తి చాలనివారు తమకు కనబడిన దోషమును స్పష్టముగా వ్రాసి తెలిపినను మేలే. కాని ఏమియు చేయక ఉచితముగా వచ్చినదని సంతసించుట పొదుపు కాదు. అది రేపటి వ్యయమును నేడు దాచుట మాత్రమే.

చెరువులో పూడిక ఒక్క దినమున చేరదు. కట్ట తెగిన నాడు మాత్రము ఊరంతయు పరుగెత్తును. అంతకు ముందే తలకొక తట్ట మన్నెత్తిన ఊరికి ఆ పరుగు తప్పును.