పోలీసు నివేదిక యజమాని చేతి కత్తి కారాదు

సోదర కార్మికులారా!

ఢిల్లీ రైల్వే స్టేషన్లలో ఊడ్చు పనికైనా, పార్సెళ్ళు మోయు పనికైనా కాంట్రాక్టు కార్మికునిపై పోలీసు విచారణ జరుగవలెనట. వలస వచ్చినవాని కాగితము స్వగ్రామపు ఠాణాకు పోవలెను. అది తిరిగి రానిదే పాసు లేదు. పాసు లేనిదే కూలి లేదు. నివేదికలో ఏమున్నదో అతనికి చెప్పువాడు లేడు. “క్లియరెన్సు రాలేదు” అను ఒక్క మాటతో సంఘములో చేరినవానిని కాంట్రాక్టరు గేటు దాటించగలడు.

భద్రత వలదని మేమనము. నేరచరిత్ర విచారింపుడు. సంఘసభ్యత్వము నేరమా?

ఈ ఆయుధము మనకు క్రొత్త కాదు. 1949 నాటి రైల్వే భద్రతా నిబంధనల క్రింద ఉద్యోగము కోల్పోయిన బాలకోటయ్య ప్రభృతుల అప్పీళ్ళను సుప్రీంకోర్టు 1957లో త్రోసిపుచ్చినది. సంఘములో ఉండు హక్కు కలదు గాని సర్కారు కొలువులో కొనసాగు హక్కు లేదన్నది! కాని 1983లో మధ్యప్రదేశ్ ఉపాధ్యాయుని కేసులో, ఉద్యోగి రాజకీయ విశ్వాసములపై పోలీసు నివేదిక కోరుటయే ప్రాథమిక హక్కులకు గొడ్డలిపెట్టని జస్టిస్ చిన్నప్పరెడ్డి తీర్పు వ్రాసిరి. ఆ ఉపాధ్యాయునిపై ఆరోపణ జనసంఘ్ కార్యకలాపములు. మన జెండా వేరు. అయినను హక్కు జెండా రంగు చూడదు.

పర్మనెంటు ఉద్యోగికి దక్కిన ఆ న్యాయము ప్రక్కనే చెమటోడ్చు కాంట్రాక్టు సోదరునికి దక్కవలదా? విచారణకు గడువు, నివేదిక నకలు, వ్రాతపూర్వక కారణము, అప్పీలు హక్కు – ఈ నాలుగింటిని డిమాండు చేయుచున్నాము. నేడు అతని పాసును కాపాడనివారు రేపు తమ ఉద్యోగమును కాపాడుకొనలేరు.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!