ఎవరికి నచ్చిందని మనకు చూపిస్తున్నారు?

‘ఇది మీకు నచ్చిందా? అయితే ఇవి కూడా నచ్చుతాయి.’ ఫోన్‌లో జపాన్ యానిమే చూసే పిల్లలందరికీ తెలిసిన మాట ఇది. ఒక సీరీస్ అయిపోగానే కింద పది బొమ్మలు వరసగా వచ్చి నిలబడతాయి. ఎంత మర్యాద! మన మనసులో ఉన్నదేదో కనిపెట్టి అడక్కుండానే వడ్డించినట్టు ఉంటుంది. కానీ ఎవరి ఆకలి చూసి వండారో, ఎవరికి వడ్డిస్తున్నారో అడగాలి కదా. నాకు కోపంగా ఉంది కాబట్టి నేను అడుగుతున్నాను.

మాది మర్పల్లి. వికారాబాద్ నుంచి బీదర్ వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. పత్తి, కంది పండే ఊళ్ళో యానిమే ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. డోరేమాన్, షించాన్ చూస్తూ ఇక్కడ ఒక తరం అన్నం తిన్నది. 2024లో ‘సోలో లెవెలింగ్’ తెలుగు మాట్లాడింది. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు మాటలతో కూడా సినిమా హాళ్ళలోకి వచ్చింది. ఊళ్ళో పిల్లలు ఏం చూస్తున్నారో మనకు తెలియకపోవడం వేరు, వాళ్ళు చూడకపోవడం వేరు.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. దానికి ‘డీమన్ స్లేయర్’ అంటే ప్రాణం. అందులో నెజుకో అనే చెల్లెలు రాక్షసిగా మారుతుంది. ఎవరినీ కరవకుండా నోటికి వెదురు ముక్క కట్టి, పెట్టెలో కూర్చోబెట్టి, అన్న వీపున మోసుకు తిరుగుతాడు. నోరు కట్టేసి పెట్టెలో పెట్టిన ఆడపిల్ల! నాకు ఒళ్ళు మండింది. ‘ఆ పిల్లలో నీకేం నచ్చిందే?’ అన్నాను. ‘పిల్ల గాదు చిన్నమ్మా, అన్న. అందరు సంపమన్నా చెల్లెను ఇడిసిపెట్టలే’ అంది. నేను ఆలోచించని మాట అది. ఆడపిల్లను బరువనే ఇళ్ళ మధ్య పెరిగే పిల్లకు, చెల్లెలి బరువును ఇష్టంగా మోసే అన్న కనిపించాడు.

మరి ఫోన్ దానికి ఏం చూపించింది? కత్తులు. ఇంకా కత్తులు. ఆ తర్వాత, అట్ట మీద బడి యూనిఫాంలో నవ్వుతున్న అమ్మాయి బొమ్మను నొక్కితే, గాలి వీస్తే చాలు బట్టలు జారిపోయే అమ్మాయిలు, వాళ్ళ చుట్టూ ఒక్క మగపిల్లవాడు. సరిగ్గా అప్పుడే అక్క వెనక నుంచి వచ్చింది. ‘ఆడిపిల్ల చేతికి ఫోనిస్తే గిట్లనే అయితది’ అని లాక్కుంది. రెండు నెలలు పిల్ల ఫోన్ ముట్టలేదు. ఇంతకీ ఆ ఫోను దానిది కాదు, వాళ్ళన్నది. ఖాతా కూడా వాడిదే. రెండేళ్ళుగా ఆ ఫోన్‌లో చూస్తున్నది వాడు. వాడికి నచ్చినవీ, వాడిలాంటి లక్షల మందికి నచ్చినవీ తీసుకొచ్చి ఈ పిల్ల ముందు పోశారు. శిక్ష మాత్రం దీనికి. వాడిని ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఈ లెక్క చేసే పద్ధతిలో మంత్రమేమీ లేదు. ‘ఇది చూసినవాళ్ళు ఇంకేం చూశారు?’ అన్నదే అందులో ప్రధానమైన ప్రశ్న. ఎక్కువమంది చూసింది పైకి వస్తుంది, పైకి వచ్చిందే ఇంకా ఎక్కువమంది చూస్తారు. బాగానే ఉంది. కానీ ‘చూసినవాళ్ళు’ అనే మాటలో ఎవరున్నారు? 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 26.5 మంది. పల్లెల్లో ఇంకా తక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కాదనను. కానీ ఇంట్లో ఒక ఫోను ఉన్నప్పుడు అది ఎవరి జేబులో ఉంటుందో మనకు ఏ సర్వే చెప్పాలి? చూడనివ్వని వాళ్ళ ఇష్టం లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని ఇష్టం లేనట్టే. పంచాయితీ దగ్గర ఆడవాళ్ళను వెనక కూర్చోబెట్టి ‘ఊరందరి మాట ఇదే’ అనడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ పంచాయితీ పెద్ద కనిపించడు.

యంత్రాన్ని పక్కన పెట్టి, యానిమే బాగా తెలిసిన మగపిల్లల్ని అడుగుదామా? వాళ్ళ నోట మొదట వచ్చే మాట ‘షోనెన్’. ఆ మాటకు అర్థమే బాలుడు. మగపిల్లల కోసం వేసే బొమ్మల పత్రికల నుంచి వచ్చిన పేరు. ఆడపిల్లలవి షోజో, పెద్ద మగవాళ్ళవి సేనెన్, పెద్ద ఆడవాళ్ళవి జోసే. కథ దేని గురించో చెప్పవు ఈ పేర్లు, పత్రిక ఎవరికి అమ్ముదామనుకున్నారో చెబుతాయి. వీటినే సాహిత్య ప్రక్రియల్లాగా మన పిల్లలు వల్లె వేస్తున్నారు. షోనెన్ అంటే అందరూ చూడాల్సింది, షోజో అంటే ఆడవాళ్ళ గోల. డెబ్బైల్లో యద్దనపూడి నవలలు ఇంటింటా చదువుతుంటే వంటింటి రాతలని తీసిపారేసిన గొంతు ఇంకా బతికే ఉంది.

తమాషా ఏమిటంటే ఆ బాలుర కోటలో స్త్రీలు ఎప్పటినుంచో ఉన్నారు. ‘ఇనుయాషా’ను రుమికో తకహాషి మగపిల్లల వారపత్రికలోనే గీసింది. 2001లో ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మొదలుపెట్టిన అరకావా, హొక్కైడోలో పాడి రైతు ఇంటి బిడ్డ. అసలు పేరు హిరోమి, మగపేరులా ధ్వనించే హిరోము అని పెట్టుకుంది. (మన దగ్గర ఒకప్పుడు తలకిందులు! రచయిత్రుల నవలలు అమ్ముడుపోతున్నాయని మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకున్నారు.) చచ్చిపోయిన తల్లిని బతికించబోయి ఒళ్ళు పోగొట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు విడిచిపెట్టని కథ అది. మా పిల్లకు కావలసింది ఇదే. కత్తియుద్ధమే ఇష్టమైన పిల్లలుంటే వాళ్ళకు ఆస్కార్ ఉంది. కొడుకు లేడని తండ్రి కొడుకులా పెంచి సైన్యంలోకి పంపిన కూతురు. రియోకో ఇకేదా 1972లో ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’ రాసింది. 1979లో అది యానిమే అయింది, 2025లో అయి యోషిమురా అనే దర్శకురాలు మళ్ళీ సినిమా తీసింది.

నచ్చినదాన్ని పట్టుకుని కొత్తది వెతకడం మన ఆడవాళ్ళకు తెలియని విద్య కాదు. అద్దె పుస్తకాల కాలంలో ‘అట్లాంటిదే ఇంకోటుందా వదినా’ అని అడిగితే, వదిన వెంటనే పుస్తకం ఇచ్చేది కాదు. ‘దాంట్లో ఏం నచ్చింది నీకు?’ అనేది. ఆ ఎదురు ప్రశ్న యంత్రానికి రాదు. నువ్వేం చూశావో దానికి తెలుసు. ఎక్కడ ఆపి ఏడ్చావో, ఎందుకు ఏడ్చావో తెలియదు.

ఆ వదిన పద్ధతిలో నాకు దొరికిన సినిమా గురించి చెప్పాలి. తకహత ఇసావో 1991లో తీసిన ‘ఓన్లీ యెస్టర్డే’. 2020లో ఘిబ్లీ సినిమాలతో పాటు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. తయేకో అనే 27 ఏళ్ళ టోక్యో ఉద్యోగిని, పెళ్ళి కాలేదు. సెలవు పెట్టి యమగత పల్లెకు వెళ్ళి కుసుమ పూలు కోస్తుంది. అవును, మన కుసుమలే! తాండూరు, మర్పల్లి చేలల్లో యాసంగికి వేసే ముళ్ళ మొక్కే. మనం నూనె గింజల కోసం వేస్తే వాళ్ళు రంగు కోసం పూలు తెంపుతారు. వెనకటి రోజుల్లో ఆ పూలు కోసిన ఆడపిల్లల చేతులకు ముళ్ళు గుచ్చుకునేవనీ, ఆ రంగును వాళ్ళు బతుకంతా పెదవులకు రాసుకోనే లేదనీ తయేకో తలుచుకుంటుంది. పనిలో పనిగా తన అయిదో తరగతి కూడా గుర్తొస్తుంది. బడిలో ఆడపిల్లలకు బహిష్టు గురించి చెప్పడం, అది తెలిసి మగపిల్లలు ఏడిపించడం. ఇంత మామూలు సంగతి ఉన్న సినిమా అమెరికా హాళ్ళలోకి రావడానికి 2016 దాకా పట్టింది.

యుద్ధాల కుప్ప కింద ఇది మా పిల్లకు ఎప్పటికీ కనిపించేది కాదు. నేనే నా ఫోన్‌లో పెట్టాను. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే పిల్ల చదివి తెలుగులో చెప్పింది, అక్క చింతపండు గింజలు తీస్తూ విన్నది. తెల్లవారుజామున పూలు కోసే చోట అక్క పని ఆపింది. ‘మంచున్నప్పుడే కొయ్యాలె. ఎండెక్కితే ముండ్లు గట్టివడ్తయి. ఈళ్ళకు గూడ తెలుసే!’ అంది. ఆ తర్వాత గింజ ముట్టలేదు.

ఆకలి, అత్యాచారం, అప్పులు ఉండగా బొమ్మల సినిమాల గొడవ ఏమిటని కొందరు మిత్రులు అంటారని తెలుసు. వాళ్ళ పిల్లలు కూడా చూస్తూనే ఉన్నారు, కావాలంటే ఫోన్ తీసి చూడండి. తెలుగులోకి ఏది తేవాలో కూడా ఈ లెక్కే చూసి నిర్ణయిస్తే, కుసుమ పూల సినిమా తెలుగు మాట్లాడే రోజు ఎప్పుడొస్తుంది? ‘అడిగినవాళ్ళు లేరు’ అంటారు. అడగడానికి ముందు చూడాలి, చూడటానికి ఫోను కావాలి, ఫోను వాళ్ళన్న జేబులో ఉంది.

సినిమా అయ్యాక అక్క ‘గిసొంటిది ఇంకోటున్నదా?’ అంది. పిల్ల నాకంటే ముందు ‘ఏం నచ్చిందమ్మా?’ అని అడిగింది. అక్క చాలాసేపు ఆలోచించి ‘పని. పని సక్కగ సూపిచ్చిండ్రు’ అంది. వచ్చే ఆదివారానికి ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ద వరల్డ్’ అనుకున్నాం. ఫుమియో కోనో గీసిన కథ, 2016లో సినిమా అయింది. పద్దెనిమిదేళ్ళకు హిరోషిమా నుంచి కురే అనే ఊరికి కోడలుగా వెళ్ళిన సుజు, యుద్ధకాలంలో రేషన్ చాలక గట్ల మీది ఆకులు కోసుకొచ్చి వండుతుంది. జొన్నచెంచలి, తుమ్మికూర ఏరి వండిన అక్కకు అందులో వంటకాలు గుర్తుపట్టడం కష్టం కాదు. ఫోను మాత్రం నాదే.