ఇంటి రౌటరు

రౌటరును అలమరలో దాచక, ఇంటి నడుమ ఎత్తైన చోట నుంచవలయును. కదలని కంప్యూటరునకు తీగ మేలు; ఫోనులకు వైఫై చాలును. 2.4 గిగాహెర్ట్జుల తరంగములు గోడలు దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జులవి వేగవంతములే గాని అంతదూరము పోజాలవు.

అయితే వేగముకంటె భద్రత ముఖ్యమని మేము చెప్పెదము. రౌటరునకు పాస్‌వర్డులు రెండు: వైఫైలో చేరుటకొకటి, రౌటరు అమరికలను మార్చుటకొకటి. పలువురు మొదటిదానిని మార్చి రెండవదానిని మఱతురు. ఇది వీధి తలుపు మూసి పెరటి తలుపు తెఱచియుంచుటయే. రెంటిని మార్చి, 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ3 రక్షణను, అది లేనిచో డబ్ల్యుపిఎ2ను ఎంచుకొనుడు.

చుట్టములడిగినపుడు లేదనుట మర్యాద కాదు. కనుక వారికై అతిథి వైఫైని వేఱుగా నేర్పఱచుడు. బ్యాంకు వ్యవహారములు నడచు త్రోవ ఇంటివారికే యుండవలయునని మా మనవి.