ఎకరం అమ్మి కోడింగ్ నేర్పియ్యకండి

ఈసారి యూరియా గురించి కాదు, కాల్వ నీళ్ల గురించి కూడా కాదు. డిగ్రీలు, ఇంజినీరింగులు అయిపోయి ఇంట్ల కూసున్న మన పిల్లల గురించి. వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలె. మనకేమో వాళ్లు స్థిరపడితే చాలు. ఈ రెండు ఆశల నడుమ ఒక దళారి వచ్చి కూసుంటున్నడు. కోర్సుకింత, ఉద్యోగానికింత అని లక్షల్ల లెక్క చెప్తున్నడు. మనం పాసుబుక్కు తీస్తున్నం.

నా మాట ముందే చెప్త. ప్రోగ్రామింగ్ పైసలతోటి వచ్చే విద్య కాదు, రోజులు పెడితే వచ్చే విద్య. మనం పిల్లలకు ఇయ్యాల్సింది ఏడాదిన్నర టైము. ఎకరం అమ్మిన డబ్బు కాదు.

మూసీ హైదరాబాద్ మీదికెల్లి పారి మన వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. మన పిల్లలు దానికి ఎదురు పోయి అమీర్‌పేటల తేలుతున్నరు. ఇది ఇయ్యాల్టి ముచ్చట కాదు. 1999ల వైటూకే అని ఒక భయం లేచింది. పాత ప్రోగ్రాములల్ల సంవత్సరానికి చివరి రెండంకెలే రాసుకున్నరు కాబట్టి 2000 వస్తే లెక్కలు తప్పుతయన్నరు. వాటిని సరిచెయ్యడానికి కోబాల్ వంటి పాత భాషలు వచ్చినోళ్లకు గిరాకీ పెరిగింది. అమీర్‌పేట కోచింగులు నిండినయి. 2000 వచ్చింది, ఆ పని అయిపోయింది. 2001 కల్ల అమెరికాల డాట్‌కామ్ కంపెనీలు మూతపడ్డయి. అప్పు చేసి కోర్సు చేసినోళ్లు నడిమిట్ల ఇరుక్కున్నరు.

చైనాకు చెందిన షియాంగ్ బియావో అనే పరిశోధకుడు ఆ రోజుల్ల హైదరాబాదుల, సిడ్నీల మన తెలుగు పిల్లల నడుమ తిరిగి చూసిండు. 2007ల 'గ్లోబల్ బాడీ షాపింగ్' అని పుస్తకం తెచ్చిండు. పొలం మిగులు, కట్నం పైసలు ఈ చదువులల్లకు, ఉద్యోగ దళారుల చేతులల్లకు ఎట్ల చేరినయో దాంట్ల ఉంది. మన రైతు కష్టం ఎటు పారిందో బయటి దేశపాయన రాసిపెట్టిండు.

కోచింగ్ నడిపేటోళ్లు ఏ భాషకు గిరాకీ ఉంటే అది అమ్ముతరు. మిర్చికి రేటొచ్చిన మరుసటేడు ఊరంతా మిర్చి పెడితే ఏమైతదో మనకు ఒకరు చెప్పాల్నా?

మరి ఏం చెయ్యాలె? విత్తనం ఉత్తగనే దొరుకుతుంది. పైథాన్ భాష 1991ల వచ్చింది, అప్పటి నుంచి ఉచితమే. ఐఐటీ సార్ల పాఠాలు ఎన్‌పీటెల్ల ఉన్నయి. చూసుడు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠాలు, ఫ్రీకోడ్‌క్యాంప్ అభ్యాసాలు కూడా ఉచితమే. తెలుగుల చెప్పేటోళ్లు యూట్యూబ్ల మస్తుగ ఉన్నరు. ఫోన్ల మాత్రం పని కాదు. ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్ ఉన్నది, ఒక నెట్ కనెక్షన్ ఉంటే మొదలుపెట్టొచ్చు. మనం పెట్టాల్సిన పెట్టుబడి గంతే.

విత్తనం ఉత్తగ వచ్చిందని పంట ఉత్తగ రాదు. వీడియో చూస్తే నాటు రాదు, మడిల దిగాలె. పది నిమిషాలు చూసి గంట సేపు సొంతంగ రాయాలె. తప్పొస్తది. ఆ తప్పు ఎక్కడుందో వెతుకుడే అసలు చదువు. రోజుకు మూడు నాలుగు గంటలు, వదలకుంట ఏడాదిన్నర. ముందు ఒక్క భాష. తర్వాత సమాచారం దాచిపెట్టే డేటాబేస్. ఆ తర్వాత వెబ్‌సైట్. మూడు నెలలకొక భాష మార్చుడంటే పోసిన నారు పీకేసి మళ్ల పోసినట్టే.

ఇగ మొదటి ఉద్యోగం సంగతి. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తీస్కపోతే నువ్వేం చదివినవని అడగరు. పిడికెడు తీసి చూస్తరు, నలిపి చూస్తరు, తేమ చూస్తరు. ఐకేపీ కేంద్రంల అయితే 17 శాతం దాటితే ఆరబెట్టుమంటరు. సాఫ్ట్‌వేర్ల కూడా శాంపిల్ చూపియ్యాలె. పోరడు సొంతంగ చేసిన పనే శాంపిల్. అది పెట్టే కల్లం పేరు గిట్‌హబ్. అక్కడ పెడితే ఎవరైనా విప్పి చూడొచ్చు.

శాంపిల్ కోసం ఎక్కడెక్కడో వెతుకొద్దు, మన ఊర్లనే ఉంది. సన్న వడ్లకు టోకెన్ల కోసం లైన్ల నిలబడ్డ రోజులు మనకెరుకే. ఆ టోకెన్లు ఇచ్చే ప్రోగ్రాం చెయ్యమనండి. రైతు పేరు, ఎకరాలు, కోత తేదీ, వంతు. ఒకే రైతుకు రెండు టోకెన్లు పోతే ఎట్ల ఆపాలె? నడుమ నెట్ పోతే లెక్క ఏం గావాలె? వాన వచ్చి కోత ఆగితే వంతు ఎవరికి ఇయ్యాలె? ఈ ప్రశ్నలకు జవాబు రాసినోడు ఇంటర్వ్యూల నోరు తెరుస్తడు. వీడియో చూసి దించినోడు మొదటి ప్రశ్నకే ఆగుతడు.

కొందరు అడుగుతరు, డిగ్రీ లేకుంటే పెద్ద కంపెనీ లోపటికి రానిస్తదా అని. నిజమే, శానా కంపెనీలు దరఖాస్తులనే డిగ్రీ, మార్కులు అడిగి పక్కకు పెడుతయి. అందుకే చదువు మధ్యల ఆపమని నేను చెప్తలేను. ఐఐటీ మద్రాసు 2020ల ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, ముందు వాళ్ల పాఠాలు చదివి అర్హత పరీక్ష దాటాలె. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తరు. తమిళనాడుల జోహో కంపెనీ అయితే ఇంటర్ అయినోళ్లను తన బడిల చేర్చుకుంటది. ఫీజు తీసుకోదు, ఎదురు స్టైపెండ్ ఇస్తది. చిన్న కంపెనీల తలుపులు పెద్దోటి కంటే సులువుగ తెరుసుకుంటయి. మొదటి జీతం తక్కువే ఉంటది. పోనీయండి, అది మొదటి కాత.

ఇంకొకటి అడుగుతరు, 2022 చివర్ల చాట్‌జీపీటీ వచ్చింది, కోడు అదే రాస్తుందట, ఇగ నేర్చుకొని ఏం లాభమని. హార్వెస్టర్ వచ్చినంక కొడవళ్లు మూలకు పడ్డయి. కానీ గింజ ముదిరిందా, నేల ఆరిందా అని చూసి మిషన్ దించేది రైతే. మిషన్ రాసిన కోడు తప్పా ఒప్పా చెప్పగలిగినోడికి పని ఉంటది. దించి రాసేటోడికి కష్టమే. అందుకే అరకొర కోర్సు మీద లక్షలు పెట్టుడు ఇప్పుడు ఇంకా దండుగ.

అన్నిటికంటే గట్టిగ చెప్పేది ఇది. "రెండు లక్షలు కట్టు, బ్యాక్‌డోర్ల ఉద్యోగం ఇప్పిస్త, మూడేండ్ల అనుభవం ఉన్నట్టు కాయితం పుట్టిస్త" అనేటోని మాట వినకండి. ఉద్యోగం ఇచ్చేటోడు జీతం ఇస్తడు గానీ మన కాడ పైసలు తీసుకోడు. ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాంక పని చేసినవో పీఎఫ్ ఖాతాల కనబడుతది. కంపెనీలు అది చూస్తయి. దొంగ కాయితం బయటపడితే ఉద్యోగం పోతది, పేరు పోతది. అమ్మిన ఎకరం మాత్రం తిరిగి రాదు. నకిలీ విత్తనంతో మోసపోయినోడికి వచ్చే పంటనన్న ఆశ ఉంటది. ఈడ అది కూడా లేదు.

మనం చెయ్యగలిగింది మూడు పనులు. ఒకటి, ఆ ఏడాదిన్నర రోజూ "ఉద్యోగం ఎప్పుడొస్తది" అని పొడవకుండా ఉండుడు. నాటేసిన తెల్లారి ఎవ్వరం కొడవలి పట్టుకొని పోం కదా. రెండు, ఆడపిల్లకు కూడా అదే టైము, అదే ల్యాప్‌టాప్ ఇచ్చుడు. పెండ్లి సంబంధం వచ్చిందని మధ్యల ఆపొద్దు. మూడు, దసరాకు, సంక్రాంతికి ఊరికొచ్చే మన సాఫ్ట్‌వేర్ పిల్లలను గుడి కాడనో, పంచాయితీ ఆఫీసు కాడనో ఒక పూట కూసోబెట్టుడు. నేర్చుకునేటోళ్ల పని వాళ్లు చూడాలె, తప్పులు చెప్పాలె. బాగుందనిపిస్తే తమ కంపెనీల పేరు సిఫారసు చెయ్యాలె. దళారి లక్షలకు అమ్ముతా అనేది ఇదే పని. మన పిల్లలు మన పిల్లలకు ఉత్తగ చేసిపెట్టొచ్చు.

వచ్చే పండుగకే మొదలుపెడదాం. మీ ఊర్ల హైదరాబాదుల పని చేసే పిల్లలు ఎవరున్నరో ఇప్పుడే ఫోన్ చేసి చెప్పి పెట్టండి.