ఆటలలోని నదులకు పడవలు కావలెను

వీడియో ఆటలను గూర్చి పాఠశాల సంచికలో వ్రాయుట కొందఱు పెద్దలకు నచ్చకపోవచ్చును. ఆ ఆటలు మంచివా, చెడ్డవా యను వాదమును మేమిక్కడ నెత్తుకొనము. బాలురు వానిని ఆడుచున్నారు, బాలికలును ఆడుచున్నారు. సెలవులలో నెన్ని గంటలు గడుపుచున్నారో తల్లిదండ్రులకు మాకంటె బాగుగా దెలియును. మేము చెప్పదలచిన దొక్కటే. ఆ ఆటలలోని కల్పిత రాజ్యములలో నదులున్నవి గాని, పెక్కింట ఆ నదులు పడవబాటలు కావు. కావలెనని మా యభిప్రాయము.

2011లో వెలువడిన స్కైరిమ్ అను ఆటను పెద్ద తరగతులవారు కొందఱెఱుగుదురు. అందు మంచుకొండలు, కోటలు, నిప్పు గ్రక్కు డ్రాగనులు, నదులు, రేవుపట్టణములు గూడ గలవు. కాని యాటగాడు తన చేతితో నడుపుకొనుటకు పడవ లేదు. ఇనుప కవచము తొడిగిన వీరుడు చేపవలె ఈదిపోవును! మైన్‌క్రాఫ్ట్ ఆటలో పలకలతో పడవ చేసికొనవచ్చును, అది మేలే. ఐనను అక్కడి నది నిలిచిన చెఱువువంటిది; ఎగువకు బోవుటకును దిగువకు బోవుటకును భేదము లేదు. 2002లో జపానున వెలువడిన ది విండ్ వేకర్ అను ఆటలో గాలి దిక్కునుబట్టి తెరచాప పనిచేయును గాని, అది సముద్రమునకు సంబంధించినది. 2020 నాటి అసాసిన్స్ క్రీడ్ వల్హాలాలో మాత్రము ఇంగ్లండు నదుల వెంబడి పొడవైన ఓడ సాగును. తెడ్లు వేయువారు పాటలు పాడుదురు, కథలు చెప్పుదురు. ఇట్టివి అరుదు. తఱచుగా నది దాటవలసిన యడ్డంకియో, చూచి మెచ్చుకొనవలసిన బొమ్మయో యగుచున్నది.

నది యొక బాట. మన దేశమున ఈ సంగతి తెలియగోరువారు గోదావరి చరిత్రము చదువవలెను. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట పనిని 1847లో ప్రారంభించెను. 1852 నాటికి అది ముగిసెను. దానినుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. కాలువ మట్టము మాఱుచోట్ల లాకులు కట్టిరి. పడవ రెండు జతల తలుపుల నడుమనున్న తొట్టిలో ప్రవేశించును; వెనుక తలుపులు మూయుదురు; నీటిని మెల్లగా వదలగా తొట్టిలోని మట్టము దిగువ కాలువతో సమమగును; అంతట ముందరి తలుపులు తెఱచెదరు. ఎగువకు బోవునపుడు తొట్టిని నింపి పడవను పైకెత్తుదురు. ధాన్యము, కొబ్బరికాయలు, కలప, సంతకు బోవువారు, పెండ్లివారు, అందఱు నీ దారినే పోయిరి. గాలి యనుకూలించినపుడు తెరచాప, అనుకూలింపనపుడు గడ, ఎదురునీటిలో గట్టుమీద నడచుచు త్రాడు లాగు మనుష్యులు. ఈ త్రాడు లాగుటను ఏ యాటలోనైన ఎవరైన చూచితిరా? మేము చూడలేదు.

కాటన్ దొర రైలుకంటె నీటిబాటయే చౌక యని జీవితాంతము వాదించిన మనుష్యుడు. అతని పక్షము గెలువలేదు. గోదావరి యెగువ భాగమున రాళ్లు అడ్డుపడుచోట్ల, దుమ్ముగూడెము మొదలగు తావులలో, పడవలు దాటుటకు ఆరంభించిన పనులు 1871లో నిలిపివేయబడినవి. 1806 నాటికే మద్రాసు ప్రాంతమున మొదలై, 1877-78 క్షామకాలమున పొడిగింపబడిన బకింగుహాము కాలువలోని రాకపోకలును క్రమముగా సన్నగిల్లెను. 2008లో ఈ కాలువలను, గోదావరీ కృష్ణలలోని కొంత భాగమును కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. కల్పిత రాజ్యములలో పాడుపడిన కోటలు అడుగడుగునను కనబడును. పాడుపడిన లాకు మాత్ర మెచ్చటను కనబడదు. రాజు కోట యెట్లు కూలెనో తెలిసికొనుటకంటె, ఒక రేవు ఏల మూతపడెనో తెలిసికొనుట మాకు ఎక్కువ ఆసక్తికరము.

ఇక గణితము. పడవ, ప్రవాహము అను లెక్కలు మా విద్యార్థులకు తలనొప్పి. నిలిచిన నీటిలో గంటకు 6 కిలోమీటర్లు పోవు పడవ, గంటకు 4 కిలోమీటర్ల వేగముగల ప్రవాహమున 20 కిలోమీటర్లు దిగువకు 2 గంటలలో పోవును; అదే దూరము తిరిగి యెగువకు రావలెనన్న 10 గంటలు పట్టును. పరీక్షకొఱకు దీనిని వల్లించిన బాలుడు మఱునాడు మఱచును. ఆటలో మందు తీసికొని యెగువ గ్రామమునకు చీకటిపడకముందే చేరవలసిన బాలుడు దీనిని మఱువడు. గోదావరికి వరద వచ్చు నెలలలో ప్రవాహము పెరుగును. వేసవిలో ఇసుకతిన్నెలు తేలును. బరువెక్కిన పడవ నీటిలో దిగబడును గనుక లోతులేని పాయలో తట్టుకొనును. బస్తాలు తగ్గించవలెనా, వేఱు పాయ వెదకవలెనా, వాన రాకకై వేచియుండవలెనా? కత్తియుద్ధమునకంటె ఇందు బుద్ధికి పని యెక్కువ.

మా యనకాపల్లి పిల్లలకు ఇది మఱింత యవసరము. మన శారదానది అనంతగిరి ప్రాంతపు కొండలలో పుట్టి మన యూరి ప్రక్కగా సముద్రమునకు బోవుచున్నది గాని, అది పడవల నది కాదు. వేసవిలో ఇసుక, తుపానులలో ముంపు. మన బెల్లము బండ్లలోను, రైలులోను, లారీలలోను పోయినదే. పూడిమడక మొదలగు తీరగ్రామముల బిడ్డలు తప్ప, మా తరగతులలో పెక్కుమంది పడవ యెక్కి యెఱుగరు. వారికి మొదటి పడవ తెరమీది పడవయే. అది ఎన్నడును మునుగని పడవయైనచో వారు నేర్చుకొను పాఠము అబద్ధము. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు దగ్గర, పాపికొండలకు బోవు విహారపు పడవ గోదావరి వరదలో మునిగి అనేకులు మరణించిరి. వరద, సుడి, రక్షణ చొక్కా అను మాటలకు అర్థము తెలియుట చిన్న సంగతి కాదు. ఇది పిల్లలను భయపెట్టు నందురా? అవే యాటలలో వీరుడు రాక్షసుల చేతిలో నూఱుమాఱులు చచ్చుచున్నపుడు ఎవరును భయపడుట లేదే!

పడవ ప్రయాణము మందకొడిగా నుండును, ఆటగాండ్రు విసుగుదురు అని వేఱొక యాక్షేపణ గలదు. ఇందు కొంత నిజమున్నది. ప్రతి ప్రయాణము పది గంటలు కూర్చుండబెట్టినచో మేమును లేచిపోదుము. కాని పటముమీద వ్రేలుపెట్టగానే గమ్యము చేరు పద్ధతి యున్నంతకాలము రాజ్య మెంత విశాలమైనను ఒక గదియే. తెలిసిన రేవులనడుమ అట్టి సౌకర్యము ఉండనిండు. క్రొత్త నది మొదటిసారి మాత్రము ఆసాంతము ప్రయాణింపవలెను. పడవలో తోడి ప్రయాణికు లుందురు. వారు మాటలాడుదురు, ఎగువ గ్రామమున కలరా యనియో, దిగువ సంతలో ఉప్పు ప్రియమనియో చెప్పుదురు. రాత్రి లంకగట్టున లంగరు వేసి వంట చేసికొందురు. కథకు ఇంతకంటె మంచి తావు సత్రమునను దొరకదు.

పెద్ద సంస్థలు మా మాట వినునని మేము తలంచుట లేదు. మా కంప్యూటరు తరగతిలో స్క్రాచ్ నేర్చుకొను పిల్లలు వినవచ్చును. వారికి ఒక నది, మూడు గ్రామములు, ఒక లాకు చాలును. ప్రతి క్షణమును పడవను కొంచెము దిగువకు నెట్టు ప్రవాహము మొదట పెట్టవలెను, పిమ్మట గాలి, పిమ్మట లోతు. డ్రాగను చివరకు రావచ్చును, సమయము మిగిలినచో.