నమ్మడమా, నమ్ముకోవడమా?



ఆరాధనలో మనం నిలువబడి చెప్పే విశ్వాస ప్రమాణానికి లాటిను భాషలో మొదటి మాట "క్రేదో". "నేను నమ్ముచున్నాను" అని దాని అర్థం. "క్రేదెరె" అనే క్రియ నుండి వచ్చింది. ఈ క్రియ మందిరంలోనే కాదు, అంగడిలోనూ వినబడేది. ఒకరి మాట నమ్మినా, ఒకరి చేతికి సొమ్ము అప్పుగా ఇచ్చినా రోమీయులు ఇదే వాడేవారు. అప్పిచ్చినవాడు వారికి "క్రేదితోర్". మనం వాడే "క్రెడిట్" కూడా ఈ కుటుంబపు మాటే.

ఆర్మూరు వారికి ఇది కొత్త కాదు. జూన్‌లో పసుపు పెట్టే రైతుకు ఎరువుల దుకాణదారుడు ఉద్దెర ఇస్తాడు. పంట తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్మేసరికి సంక్రాంతి దాటుతుంది. అన్ని నెలలు ఆయన సొమ్ము రైతు మాట మీదనే ఉంటుంది.

నాలుగవ శతాబ్దంలో జెరోము సరిదిద్దిన లాటిను సువార్తలలోనూ, లూకా 16:11లో, నిజమైన ధనాన్ని అప్పగించే సంగతి చెప్పిన చోట ఉన్నది "క్రేదెరె" క్రియే.

లాటినుకు పుట్టిన భాషలన్నీ దీనిని దాచుకున్నాయి. ఇటలీలో "క్రేదెరె", స్పెయినులో "క్రెయెర్", పోర్చుగల్‌లో "క్రేర్", ఫ్రాన్సులో "క్ర్వార్", రుమేనియాలో "క్రెదె". అయితే స్పెయినువారు దేవుని నమ్ముతున్నామనడానికీ, రేపు వాన వస్తుందనుకుంటున్నామనడానికీ ఇదే క్రియ వాడతారు. వాన రాకపోతే అన్నవానికి పోయేదేమీ లేదు. సొమ్ము ఒడ్డిన మాట ఉత్త అభిప్రాయంగా కూడా తేలికపడింది.

మన "శ్రద్ధ" దీనికి దూరపు బంధువు. సంస్కృతంలోని ఆ మాటా, "క్రేదో"యూ ఒకే మూలానివి. "హృదయాన్ని ఉంచడం" అని తొలి అర్థమని అనేక పండితులు చెబుతారు.

తెలుగులో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. వాన వస్తుందని నమ్మినవాడు ఇంట్లో కూర్చోవచ్చు. భూమిని నమ్ముకున్నవాడు ఇంట్లోని విత్తనాన్ని తీసి మట్టిలో పెడతాడు. పాత "క్రేదెరె" ఈ రెండవదానికే దగ్గర.

వచ్చే ఆదివారం "నమ్ముచున్నాను" అని పలికేటప్పుడు ఆలోచించుదాము. దేవుడున్నాడని అనుకుంటున్నామా, లేక మన బిడ్డలను, ధర పలకని పంటను, రాత్రి నిద్రపట్టనియ్యని అప్పును ఆయన చేతికి అప్పగించామా? అలాగే, మన మాట నమ్మి ఉద్దెర ఇచ్చిన పొరుగువాని బాకీ తీర్చామా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే క్రియ కాబట్టి, ఒకదానికి జవాబు చెప్పి రెండవదానిని దాటిపోలేము.